మనం చేయని అప్పు మన పేరున ఉంటే

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పాల సంఘాల సభ్యుల కొరకు ఒక కో-ఆపరేటివ్ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పాల పుస్తకంలో వెన్న శాతం తక్కువ పడితే మనం ఊరుకోము. కార్యదర్శిని అక్కడే నిలదీస్తాము, మళ్ళీ పరీక్ష చేయమంటాము. కాని మన పేరున ఇంకొక పుస్తకం మనం చూడకుండానే నడుస్తున్నది. అది బ్యాంకుల వారు చూసే పరపతి నివేదిక. వాడుకలో సిబిల్ అంటున్నాము. దానిలో ఎవరి అప్పో మన పేరున పడితే మనకు తెలిసేది ఎప్పుడు? బర్రెల కొరకు బ్యాంకుకు పోయి, దరఖాస్తు తిరిగి చేతిలో పడిన రోజున.

మా తనిఖీలలో ఇట్టి సంగతులు వినబడుతున్నవి. ఒక గ్రామంలో సభ్యురాలు ఒకామె రెండు బర్రెలకు అప్పు అడిగినది. తాను ఎన్నడూ పోని పట్టణంలో తన పేరున సెల్‌ఫోను కొన్నట్లు, వాయిదాలు ఎగవేసినట్లు నివేదికలో ఉన్నది. ఊరి పెద్దలు "చిన్న మొత్తమే గదా అమ్మా, కట్టేసి పీడ వదిలించుకో" అన్నారు. మంచి మనసుతో చెప్పినదే గాని, ఇంతకన్న చెడ్డ సలహా లేదు. మనది కాని అప్పు కడితే, అది మనదేనని ఒప్పుకున్నట్లు అవుతుంది. కొంత తగ్గించి రాజీ పడితే ఆ ఖాతా పక్కన 'సెటిల్డ్' అని పడుతుంది. బ్యాంకుల దృష్టిలో అది పూర్తిగా తీరిన అప్పు కాదు, మచ్చగానే ఉంటుంది. దొంగ చేతిలో మన కాగితాలు ఎట్లాగూ ఉన్నవి, రేపు ఇంకొకచోట వాడుతాడు.

ఇది పల్లెవాళ్ళకే జరిగేది కాదు. తన పాన్ నంబరుతో ఎవరో 2 వేల రూపాయల అప్పు తీసుకున్నారని 2022లో సినిమా నటి సన్నీ లియోన్ బహిరంగంగా చెప్పినారు. ఆమె నోరు విప్పగానే కంపెనీల వారు పరుగున సరిచేసినారు. మన కొరకు ఎవరూ పరుగెత్తరు గనుక, మనం కాగితం మీద నడవాలె.

మన దేశంలో ఇట్టి నివేదికలు తయారుచేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. 2017 నుండి ఇది రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. చదువుకున్న పిల్లల చేత ఇంట్లోనే తీయించండి. పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబరు, చిరునామా మొదట చూడండి. మన వైపు ఒక్క ఊరిలోనే నలుగురు వెంకటమ్మలు, నలుగురు బాలయ్యలు ఉంటారు. దొంగతనం లేకుండానే ఒకరి అప్పు ఒకరికి అంటుకోవచ్చు. తరువాత 'ఎంక్వైరీలు' అనే భాగం చూడండి. మనం గడప తొక్కని కంపెనీ మన వివరాలు అడిగినట్లు ఉంటే, అది దొంగ అడుగుజాడ.

తెలియని పద్దు కనబడగానే దొంగతనమని కేకలు వేయవద్దు. పక్కింటి వారికి జామీను పడి ఉండవచ్చు. మహిళా సంఘం అప్పు అయి ఉండవచ్చు. అవి మనవే.

నిజంగా మనది కాకపోతే రెండు చోట్ల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలె: అప్పు ఇచ్చినట్లు చూపుతున్న బ్యాంకుకు లేదా కంపెనీకి, నివేదిక ఇచ్చిన సంస్థకు. అప్పు ఇచ్చినవారు ఒప్పుకోనిదే నివేదిక సంస్థ తనంతట తాను పద్దు కొట్టివేయదు, అందుకే రెండూ. బ్యాంకును గట్టిగా అడగవలసినవి కొన్ని ఉన్నవి. దరఖాస్తు నకలు చూపండి, దాని మీద ఫొటో, సంతకం ఎవరివి? సొమ్ము ఏ ఖాతాలో పడినది? ఈ చివరి ప్రశ్నతోనే చాలావరకు గుట్టు బయటపడుతుంది. ఫిర్యాదుకు రసీదు, తేదీ తప్పక తీసుకోండి. 30 దినములలో పరిష్కరించకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ 26 నుండి అమలులో ఉన్నది. తేదీ లేని ఫిర్యాదుకు ఈ లెక్క కట్టేదెట్లా?

పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. 1930 నంబరుకు చెప్పవచ్చును. మరొకరి గుర్తింపును మోసంతో వాడుకుంటే ఐ.టి. చట్టం 66-సి సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నది. బ్యాంకు వారు వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చును, రుసుము లేదు.

కాగితాలు ఎక్కడ జారుతున్నవి? జిరాక్సు దుకాణంలో, సిమ్ కార్డుల గొడుగు క్రింద. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు రిజిస్ట్రేషన్ పత్రాలలోని వేలిముద్రలకు నకళ్ళు చేసి వేల సిమ్ కార్డులు తెరిచినాడు. ఆధార్ నకలు ఇస్తే దాని మీదనే ఎందుకు ఇచ్చినామో, ఏ తేదీన ఇచ్చినామో అడ్డంగా వ్రాయండి. బొంబాయి, పూనా పనికి పోయి సిమ్ మార్చినవారు బ్యాంకులో కొత్త నంబరు ఇవ్వండి. పాత నంబరు కొన్నాళ్ళకు వేరొకరికి పోతుంది, మీకు రావలసిన కబురు వారికి చేరుతుంది.

కార్యదర్శులకు ఒక మాట. 2019లో కిసాన్ క్రెడిట్ కార్డు పాడికి వర్తించిన తరువాత దరఖాస్తుల కొరకు, పాల బిల్లుల కొరకు సభ్యుల ఆధార్, పాసుబుక్ నకళ్ళు సంఘాలలో కట్టలు కట్టలుగా చేరినవి. కొన్ని చోట్ల అవి పాల డబ్బాల పక్కన గోనెసంచిలో ఉన్నవి. వాటిని బీరువాలో తాళం వేసి ఉంచండి, పని తీరినవి కాల్చివేసి రిజిస్టరులో వ్రాయండి. రాబోయే తనిఖీలో నగదు పుస్తకంతో పాటు ఆ కట్టను కూడా మేము అడుగుతాము.