జంతుశాస్త్రాధ్యయనము – మన విద్యార్థుల కర్తవ్యము

(బరంపురమున తెలుగు విద్యార్థుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



మన కుటుంబములలో జంతుశాస్త్రమునెడ చిరకాలముగా ఒక చిన్నచూపు కలదు. వైద్యకళాశాలలో సీటు దొరకనివారు తలదాచుకొను చోటని పెద్దలు తలంతురు. పిల్లలును అట్లే తలంచి, మొదటి సంవత్సరమంతయు మరల ప్రవేశపరీక్షకే చదువుకొనుచు గడపుదురు. ఆ ఆశను మేము తప్పుపట్టము. కాని ఈ శాస్త్రము మరియొక చదువు కొరకు వేచియుండు అరుగు కాదనియు, ఇందు మన తీరపు తెలుగువారికి ప్రత్యేకమైన పని యొకటి యున్నదనియు విన్నవింప గోరుచున్నాము.

మొదట కొంత పూర్వచరిత్ర వినుడు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడయ్యెను. ఆయన 1796లో కోరమాండలు తీరపు సర్పములను గూర్చి ఒక గ్రంథమును, 1803లో విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. ఆ చేపలకు ఆయన గ్రంథమున వాడిన పేర్లు మన జాలరులు చెప్పిన పేర్లే. 'కాటుక రేకుల పొడ' యని ఆయన వ్రాసికొనిన పాము, అనగా మన రక్తపింజర, నేడు శాస్త్రమున ఆయన పేరుతోనే ప్రసిద్ధమై యున్నది. పసుపు నలుపు పట్టెలుగల కట్లపామును మనవారు బంగారు పాము అనిరి. కట్లపాముల ప్రజాతికి శాస్త్రము పెట్టిన 'బంగారస్' అను పేరు ఆ తెలుగు మాటనుండి పుట్టినదే. ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమున కట్లపామును గూర్చి చదివినను, విద్యార్థి ఒక తెలుగు మాటను పలుకక తప్పదు.

అయితే పేరు తెలియుటతోనే శాస్త్రము తెలిసినట్లు కాదు. తెల్లచందువను, నల్లచందువను మనము చందువ యనియే పిలుతుము. రెండింటి ఆకారము నట్టిదే. కాని శాస్త్రజ్ఞులు శరీరనిర్మాణమును పరీక్షించి, నల్లచందువను పారచేపల కుటుంబమున చేర్చిరి. దాని తోకమొదట ప్రక్కగీత వెంబడి గట్టి పొలుసులు కలవు. చేత బట్టి చూచినవారికి అవి తెలియును. ఏల ఒకచోట చేర్చిరి, ఏల వేరు చేసిరి అని అడుగుటతో జంతుశాస్త్రము ఆరంభమగును. ఇది అడుగని విద్యార్థి పుస్తకము నంతయు వల్లించినను ప్రయోజనము లేదు.

పూర్వము కప్పను, బొద్దింకను కోసి చూచుటయే ఈ చదువునకు గుర్తుగా నుండెడిది. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2014లో ఆ పద్ధతిని మాన్పించినది. కాన బ్రతికియున్న ప్రాణిని దాని నెలవుననే పరిశీలించుటకు నేడు విలువ హెచ్చినది. ఆ నెలవు మనకు దూరము కాదు. గోపాలపురమున భారత జంతు సర్వేక్షణ సంస్థవారి కేంద్రము కలదు. ఆవల ఋషికుల్యా నదీముఖము కలదు.

అచ్చట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టుచున్నవని శాస్త్రలోకమునకు 1994లో తెలిసినది. ఒక్కొక్క తాబేలు ఇసుకలో గోయి త్రవ్వి నూరుకు పైగా గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు ఏబది దినములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడి హెచ్చినచో ఆడుపిల్లలును, తగ్గినచో మగపిల్లలును ఎక్కువగా పుట్టుదురు. వాటి రక్షణకై ఒడిశా ప్రభుత్వము ఏటేట నవంబరు 1 నుండి మే 31 వరకు ఈ నదీముఖమువద్ద, తీరమునుండి 20 కిలోమీటర్ల లోపల చేపలవేటను నిషేధించుచున్నది. తాబేలు బ్రతుకవలయును, నిజమే. కాని ఏడు మాసములు వల వేయరాని జాలరి యింట పొయ్యి ఎట్లు వెలుగును? ఆ తీరపు పల్లెలలో తెలుగు పలుకు కుటుంబములు పెక్కు కలవు. అధికారి ఆజ్ఞను ఒడియాలోను, శాస్త్రజ్ఞుని నివేదికను ఇంగ్లీషులోను వ్రాయుదురు. ఆ జాలరికి కారణమును తెలుగున చెప్పి, అతని అనుభవమును విని, శాస్త్రభాషలో అధికారికి చేర్పగలవా రెవరు? ఇంట తెలుగును, బడిలో ఒడియాను, కళాశాలలో ఇంగ్లీషును నేర్చిన మీరే. మూడు భాషల బరువని మీరనుకొనునది నిజమునకు మీ బలము.

కావున మాదొక విన్నపము. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక పుస్తకము చేతబట్టి రేవునకు పోవలయును. చేపలపేర్లు తెలుగున, ఒడియాన, శాస్త్రభాషన మూడు వరుసలుగా వ్రాయవలయును. అది ఏ ఋతువున దొరకును, ఏ లోతున తిరుగును, గ్రుడ్లతో ఎప్పుడు కనబడును అని ముసలి జాలరులను, చేపలమ్ము తల్లులను మర్యాదతో అడుగవలయును. వారి పిల్లలు పట్టణములకు పనికై పోవుచున్నారు. వారితో ఈ మాటలును ఈ తెలివియు పోవక ముందే వ్రాసికొనవలయును. విన్నదానిని అట్లే నమ్మక, చూచి సరిచూచుకొనవలయును.

రస్సెలుకు పేర్లు చెప్పిన జాలరుల పేర్లు మన మెరుగము. ఈసారి చెప్పినవారి పేరును, వారి యనుమతితో, చేపపేరు ప్రక్కనే వ్రాయుడు. మీకు జయము కలుగుగాక!