రాజ్యాంగ పాఠంలో ఏ తీర్పులుండాలి?

రాజ్యాంగం పాఠం చెప్పేవాళ్లకు ఏటా ఉండే ఇబ్బంది ఒకటుంది. తీర్పులు వేలల్లో ఉంటాయి, పీరియడ్లు మాత్రం కొన్నే. ఏది ఉంచాలి, ఏది వదలాలి?

కేశవానంద భారతి ఉండి తీరాలి, అందులో పేచీ లేదు. 1973లో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని 7–6తో తేల్చిన కేసు. కానీ ముందు 1967 నాటి గోలక్‌నాథ్ చదవకపోతే అది అర్థం కాదు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించకూడదని ఆ కేసులో చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు రాజమండ్రిలో పుట్టినవారు. మనవారని అభిమానంతో చెప్పడం లేదు. కేశవానందలో వాదన అంతా ఆ తీర్పు మీదే మొదలైంది.

నా పట్టు మాత్రం ఐదో షెడ్యూలు మీద. చాలాచోట్ల దాన్ని పరీక్షల ముందు గబగబా ముగించేస్తారు. ఇక్కడి నుంచి బుట్టాయగూడెం వైపు బస్సెక్కితే కాసేపటికే ఆ షెడ్యూలు వర్తించే నేల వస్తుంది. అక్కడ గిరిజనేతరుడు ఎకరం కొనాలన్నా, కౌలుకు తీసుకోవాలన్నా అడ్డొచ్చేది మీరంతా వన్ బై సెవెంటీ అనే చట్టమే. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించారు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను కాదని రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది.

ఆ తర్వాత 1997లో సమత కేసు. అనంతగిరి మండలంలో గనుల లీజుల గొడవ. ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందా? వర్తిస్తుందని జస్టిస్ కె. రామస్వామి, మరో న్యాయమూర్తి అన్నారు. జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆయన రాసిందీ పిల్లల చేత పూర్తిగా చదివించాలి. లేకపోతే మెజారిటీ ఏ అభ్యంతరాన్ని దాటుకుని వచ్చిందో వాళ్లకు తెలియదు.

2020లో లీలాప్రసాద్ రావు కేసు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఆ పోస్టుల మీద ఆశతో డీఎడ్ చదివిన కోయ పిల్లలకు ఇది ఎంత పెద్ద దెబ్బో నేను వేరే చెప్పక్కర్లేదు. అయినా ఈ తీర్పును వదిలేయకూడదు.

పరీక్షలో నేనైతే ఇదే అడుగుతాను. రెగ్యులేషనూ, జీవో 3 రెండూ గవర్నరుకు ఐదో షెడ్యూలు ఇచ్చిన అధికారంతో వచ్చినవే. ఒకటి నిలిచింది, ఒకటి పడిపోయింది. ఎందుకు? జవాబు రాయాలంటే ఆ షెడ్యూలు ఐదో పేరా, 14, 16 అధికరణాలు, ఈ మూడు తీర్పులూ పక్కపక్కన పెట్టుకోవాలి. మన ప్రాంతంలో లా చెప్పే ప్రతి కాలేజీ వీటికి కనీసం రెండు వారాలు కేటాయించాలని అడుగుతున్నాను.