దొరికిన నగ ఎంతవరకు సాక్ష్యము?

చోడవరమునకు చేరువనున్న గోవాడ పేరు, సహకార చక్కెర మిల్లు మూలమున, చెరకు పండించువారు చాలమంది ఎరిగినదే. నేను చెప్పబోవు సంగతి ఆ గ్రామమున జరుగలేదు; జరిగినట్లు ఊహించుకొందము. న్యాయస్థానపు చిక్కు మన వాకిట నిలిచినగాని మనకు బోధపడదు.

చెరకు బండ్లు రాత్రియంతయు నడచు రోజులు. ఒంటరిగా నుండు ఒక వృద్ధురాలు తెల్లవారుసరికి ఇంటిలో హత్యకు గురియై పడియున్నది. మెడలోని కాసులపేరు లేదు. రెండు నెలలకు పోలీసులు ఒక కంబారిని పట్టుకొనిరి. ‘‘ఆమెను చంపి తీసిన కాసులపేరు పశువుల సాల కప్పులో దాచితిని, చూపెదను’’ అని అతడు చెప్పెనట. మధ్యవర్తుల యెదుట నగ బయటపడినది. ఊరు ఆనాడే తీర్పు చెప్పివేసినది. సెషన్సు కోర్టు హత్యకు యావజ్జీవమును, దొంగతనమునకు వేరుగా మరికొంత శిక్షను విధించినది. ఇక మిగిలినది అప్పీలు.

అప్పీలనగా ప్లీడర్లు లొసుగులు వెదకు తంతు అని పలువురి అభిప్రాయము. అది సరికాదు. హైకోర్టు సాక్ష్యమునంతను మొదటినుండి తిరిగి తూచవలెను. ఇది దయాభిక్ష కాదు, ముద్దాయికి గల హక్కు. కారాగారమున నున్నవాడు జైలు అధికారి ద్వారానే అర్జీ పంపుకొనవచ్చును; తీర్పు నకలు ఉచితముగా లభించును; వకీలును పెట్టుకొనలేనివానికి ప్రభుత్వ వ్యయముతో వకీలు నియమింపబడును. గడువు అరువది దినములు, ఉరిశిక్ష యైనచో ముప్పది. ఉరిశిక్షను హైకోర్టు ధ్రువపరచనిదే అమలు జరుపరాదు. మన విశాఖ మండలపు అప్పీళ్లు మొదట మద్రాసునకు పోయెడివి. 1954 జూలై 5 నుండి గుంటూరునకు, 1956లో హైదరాబాదునకు, 2019 జనవరి 1 నుండి అమరావతికి ఆ త్రోవ మారినది.

మొదటి ప్రశ్న కంబారి పలికిన వాక్యమును గూర్చినది. పోలీసులతో ఒప్పుకొన్న నేరము ముద్దాయిపై సాక్ష్యము కానేరదు. ఆ మాటవలన ఒక విషయము కనుగొనబడినయెడల, దానికి సంబంధించినంత మేరకు మాత్రమే చెల్లును. ఈ ‘మేర’ ఎంతవరకో తేల్చినది మన గుంటూరు నుండి పోయిన కేసే. 1947 నాటి తీర్పుల సంపుటములకెక్కిన పులుకూరి కోటయ్య కేసులో ప్రీవీ కౌన్సిలు తరఫున సర్ జాన్ బోమాంట్ ఇట్లు వివరించెను: ఇంటి కప్పులో దాచిన కత్తిని చూపెదనని ముద్దాయి చెప్పినప్పుడు కనుగొనబడినది కత్తి కాదు, కత్తి అచ్చట నున్నదనియు, ఆ సంగతి అతనికి తెలియుననియు మాత్రమే. దానితో పొడిచితినన్న మాటను త్రోసివేయవలెను. 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ సూత్రము మారలేదు. కావున మన వాక్యములో ‘ఆమెను చంపి’ అన్నది తొలగిపోవును. కప్పులో దాచిన సంగతియే నిలుచును.

ఇక రెండవ ప్రశ్న. దాచినవాడే చంపినవాడా? దొంగసొత్తు దొంగతనమైన కొలదికాలమునకే ఒకని వద్ద దొరికి, అది తనకెట్లు వచ్చినదో అతడు చెప్పలేనిచో, వాడు దొంగయో, దొంగసొత్తని తెలిసి పుచ్చుకొన్నవాడో అని కోర్టు భావింపవచ్చును. హంతకుడని భావించుటకు ఇంకను కొంత కావలెను. 1956 నాటి నివేదికలలో అచ్చయిన సన్వత్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, సొత్తు దొరికినంత మాత్రమున హత్య రుజువు కాదనియు, అనుమానము ఋజువునకు బదులు కాజాలదనియు చెప్పెను. అట్లని నగకు విలువ లేదనుకొనరాదు. 1983లో కర్ణాటక నుండి వచ్చిన ఎరభద్రప్ప కేసులో, క్రొత్తగా కుదిరిన పనివాడు హత్య జరిగిన రాత్రియే మాయమయ్యెను. ఏడాదికిగాని పట్టుబడలేదు. అతడు చూపిన చోట్ల నగలు దొరికినవి. పారిపోయి తిరిగినవానికి ఆ ఏడాది ఎడము సాకు కాజాలదని కోర్టు తలచెను. హత్యానేరము నిలిచినది, ఉరిశిక్ష మాత్రము యావజ్జీవముగా మారినది.

మన కంబారి సంగతి ఈ రెంటిలో ఎటు మొగ్గును? ఆ రాత్రి అతడెచ్చట నుండెను? మరునాడు పనిలోనికి వచ్చెనా? ఆ సాల ఎవరిది, నలుగురును త్రొక్కు చోటా? మధ్యవర్తులు కప్పు వద్ద నిలిచి చూచిరా, ఠాణాలో వ్రాసిన కాగితముపై చేవ్రాలు చేసిరా? నా మట్టుకు ఈ కడపటి ప్రశ్నయే అన్నిటికంటె బరువైనది. చూడనిదానికి ఊరి పెద్దలు మొగమోటమిచే చేసిన సంతకము ఒక నిర్దోషిని బంధింపవచ్చును, నిజమైన హంతకుని విడిపింపనువచ్చును.

అతడు మరునాడు ఎప్పటివలె చెరకు నరకుటకు వచ్చెననియు, ఆ రాత్రి ఇంటి చెంత అతనిని చూచినవారు లేరనియు అనుకొందము. నగ ఎట్లు వచ్చినదో మాత్రము చెప్పలేడు. అప్పుడు హైకోర్టు హత్యాశిక్షను కొట్టివేసి, దొంగతనపు శిక్షను నిలుపవచ్చును. కాసులపేరు కోర్టు ఉత్తరువుతో వృద్ధురాలి కుమార్తె చేతికి వచ్చును. ఆమె ఆ తీర్పును చదివించుకొని, మరి మా అమ్మను చంపినదెవరని అడుగును. ఆ కాగితములలో దానికి జవాబుండదు.