పెండ్లినాటి నగలు

(ఖుర్దారోడ్డు రైల్వే కాలనీలో ఉగాదికి ముందు జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నగలను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించగానే, యిది ఆడవారు మాట్లాడవలసిన విషయము కదండీ అన్నాను. "అప్పు చేసేది ఎవరయ్యా?" అని వారు ఎదురు ప్రశ్న వేశారు. నేను పార్సిలు ఆఫీసు గుమాస్తాను. మెట్రిక్‌తో చదువు ఆగినవాడను. వస్తువును తూచడం, తూచినది వ్రాయడం, వ్రాసినదానికి రశీదు యివ్వడం, యిదే నా విద్య. ఆ మేరకే మాట్లాడతాను.

పెండ్లికి తప్పనిసరి అయిన నగ ఎంత? మనలో చాలా కుటుంబాలలో పుట్టింటి బిళ్ళ ఒకటి, అత్తింటి బిళ్ళ ఒకటి, వాటిని గ్రుచ్చే పసుపుత్రాడు, నల్లపూసలు, కాలికి వెండి మట్టెలు. పెండ్లి యింతటితో పూర్తి అవుతుంది. తక్కిన వడ్డాణము, వంకీలు, కాసులపేరు, చంద్రహారము, జడబిళ్ళ మొదలైనవన్నీ తాహతును బట్టి వచ్చినవి. తాహతుకే చిక్కు వస్తున్నది. ఊరిలో వున్నవారికి ఎవరి పొలమెంతో అందరికీ తెలుసు. పరాయి ప్రాంతంలో వున్న మనకు ఆ ఆధారము లేదు. అందుచేత పిల్ల మెడ చూసి మన పరువు కొలుస్తారేమోనని మనమే భయపడి, ప్రావిడెంటు ఫండు మీద చేయి వేస్తున్నాము.

మా చెల్లెలి సంబంధము ఖాయమయ్యే వేళ వియ్యపురాలుగారు వడ్డాణము మాట ఎత్తారు. కట్నమడగడము 1961 చట్టము ప్రకారము నేరము. అయినా అడిగేవారు "అడగడము లేదండీ, ముచ్చట చెబుతున్నాము" అంటారు. మా అమ్మ అప్పటికే లెక్కలు వేస్తున్నది. చెల్లెలే వచ్చి, "అన్నయ్యా, అది నేను మళ్ళీ ఎప్పుడు కట్టుకుంటాను? నాన్నగారి ఫండు తీయవద్దు" అన్నది. పెద్దలను పంపి ఆ మాటే మర్యాదగా చెప్పించాము. పది దినములు వారినుండి కబురు లేదు. ఆ పది దినములూ మా యింట అన్నము సహించలేదు. పదకొండవనాడు పెండ్లికొడుకే ఫోను చేసి, వడ్డాణము ప్రసక్తి వద్దన్నాడు.

ఆ పెండ్లికి మా నాయనమ్మ కాసులపేరు అక్కరకు వచ్చింది. మా ముత్తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళము వైపునుండి యిచ్చటికి వచ్చినవారు. నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న ఆ పేరుకు 36 కాసులు. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించి కొత్త నగ చేయరాదన్నప్పుడు ఎందరో కంసాలుల పొయ్యిలు ఆరిపోయాయి. కరిగిస్తే తన బంగారము ఏ రూపాన తిరిగి వస్తుందోనని నాయనమ్మ దానిని పెట్టెలోనే వుంచినది. తరువాత 1968లో వచ్చిన చట్టము 1990లో రద్దయినది గాని, ఆమె భయము మాత్రము రద్దు కాలేదు. యిక మనుమరాండ్రు ముగ్గురు. కరిగించి మూడు గొలుసులు చేయిద్దామని ఒకరు, పెద్దపిల్లకే యివ్వాలని మరొకరు. కాసులపేరు అనగా దారానికి గ్రుచ్చిన కాసులే కదా! కరిగించే పనే లేకుండా పన్నెండేసి కాసులు పంచి, నడుమ పగడాలు చేర్చి గ్రుచ్చించాము. మూడు యిళ్ళలోనూ నాయనమ్మ వున్నది.

కొత్తది కొనేటప్పుడు మాత్రము మొగమాటము కూడదు. 22 క్యారట్ల నగపై 916 అనే అంకె, బి.ఐ.ఎస్. ముద్ర, ఆరు అక్షరాంకెల గుర్తు వుండాలి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలను ఆ ఆరింటి గుర్తు లేకుండా దుకాణదారు అమ్మరాదు. బి.ఐ.ఎస్. వారి ఫోను యాప్‌లో ఆ గుర్తు కొట్టి అక్కడే సరిచూసుకోవచ్చును. తరువాత తూకము. 40 గ్రాముల హారములో కెంపులు, పచ్చలు, లక్క కలిసి 5 గ్రాములుంటే బంగారము 35 గ్రాములే. రాళ్ళకు బంగారపు ధర కట్టనివ్వకండి. తరుగు నూటికి 12 అన్నారనుకోండి, 40 గ్రాములకు 4.8 గ్రాములవుతుంది. అనగా అరకాసుకు పైగా, నగలో లేని బంగారానికి డబ్బు! 35 మీదనే తరుగు వేయమని అడగండి. బేరము సిగ్గుపడవలసినది కాదు.

పెండ్లినాడు ధరించేవి పీటలమీది పనికి తగినవై వుండాలి. జీలకర్ర బెల్లము పెట్టేవేళ పాపిటబిళ్ళ మరీ ముందుకు వ్రేలాడితే ముద్ద దానికే అంటుకుంటుంది. మూడు ముళ్ళ వేళ ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటే, మెడ వెనుక కంటె, పట్టెడ, హారాల త్రాళ్ళు ఒకదానిపై ఒకటి వున్నాయనుకోండి, పెండ్లికొడుకు వ్రేళ్ళు తడబడతాయి. పెద్ద బుట్టలు పెట్టే పిల్లకు మాటీలు తప్పక పెట్టండి. బరువు చెవిని వదలి జుట్టు మీదికి పోతుంది. రాత్రి ముహూర్తమైతే పిల్ల తెల్లవార్లూ ఆ బరువుతో కూర్చోవాలని మరువకండి.

యిచ్చట పుట్టిన మన పిల్లలు కటకము వెండి తారకసి పని ముచ్చటపడుతున్నారు. సన్నని వెండితీగెతో అల్లిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అది మన ఆచారము కాదని కొందరు పెద్దలు అంటారు. యీ నేల అన్నము తింటున్నాము. జడలో యీ నేల పువ్వు ఒకటి వుంటే తప్పేమిటని నా అభిప్రాయము.

చివరగా నా శాఖకు సంబంధించిన మాట. మనలో చాలామంది పెండ్లికి పలాస, శ్రీకాకుళము రోడ్డు, విజయనగరము వైపు రాత్రి బండిలో పోతారు. మన వెంట వుంచుకున్న సామాను పోతే, సిబ్బంది తప్పువల్లనో నిర్లక్ష్యమువల్లనో పోయినదని రుజువైతే తప్ప, 1989 రైల్వే చట్టము ప్రకారము రైల్వే బాధ్యత వహించదు. కనుక నగలపెట్టె బెర్తు క్రింద పెట్టి గొలుసు వేసి నిద్రపోకండి. చిన్న సంచిలో పెట్టి, మెలకువగా వుండే యిద్దరు వంతులవారీగా ఒడిలో వుంచుకోండి. బయలుదేరేముందు నగ పేరు, బరువు, ఆరింటి గుర్తు, ఎవరు పెట్టారు అన్నవి కాగితము మీద వ్రాయండి. పెండ్లి కానుకల జాబితా వ్రాసి యిరుపక్షాల సంతకాలు వుంచాలని 1985 నిబంధనలే చెబుతున్నాయి. వధువుకు వచ్చిన కానుకల జాబితా ఆమె దగ్గరే వుండాలి. ఆ నగలు ఆమెవి. నకలు ఒకటి పుట్టింటి బీరువాలో వుంచండి.