ఫిరోజా పొదిగిన వెండినగ: దాని ఊరు, దాని పనివాడు



అమెరికా దేశపు నైఋతి దిక్కున ఆరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రములలో "ఇండియన్ నగలు" అను పలక తగిలించిన అంగళ్లు పెక్కు కలవు. ఆ మాట చదివి మన దేశపు నగలని భ్రమపడరాదు. ఆ ఇండియనులు కొలంబసు పొరపాటువలన ఆ పేరు మోయుచున్న అచ్చటి ఆదిమవాసులు: నవాహో, జూనీ, హోపీ మున్నగు తెగలవారు. వారి కడియములలో, హారములలో, వడ్డాణములలో వెండితోపాటు ఆకాశపు రంగు రాయి యొకటి మెరయుచుండును. అదియే ఫిరోజా. ఆ పేరు మనకు పారసీకమునుండి వచ్చినది. రాగి గనులున్న మెట్టనేలలలో ఈ రాయి తరచుగా దొరకును.

అట్టి నగ చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఇది ఏ తెగవారి పని? ఎవరి చేతి పని? ఈ ప్రశ్నలు వినోదమునకై వేయునవి కావు. జూనీ గ్రామమున ఇంటింటను ఈ పనియే జీవనాధారముగా గల కుటుంబము లున్నవి. నకిలీ నగ అమ్ముడుపోయిన ప్రతిసారి వారి కూలి తరుగును.

మొదట చరిత్రను కొంచెము తెలిసికొనవలెను. నవాహోలు 19వ శతాబ్ది నడుమ మెక్సికో కమ్మరులనుండి లోహపు పని నేర్చిరి. 1864లో వారిని సైన్యము స్వస్థలములనుండి నడిపించుకొనిపోయెను. 1868 ఒడంబడికతో వారు తిరిగి వచ్చిరి. వెండిపని అటుపిమ్మటనే విస్తరించెను. వెండిలో ఫిరోజా పొదుగుట 1880 ప్రాంతమున ఆరంభమయ్యెను. నవాహోలనుండి జూనీలకు, జూనీలనుండి హోపీలకు ఆ విద్య సంక్రమించెను.

గురువొకడే యైనను శిష్యుల దారులు వేరైనవి. నవాహో పనిలో వెండిదే పెద్దరికము: బరువైన రేకు, దానిపై ఉక్కు ముద్రలతో కొట్టిన అంచులు, మెత్తని రాతి అచ్చులలో పోసిన పోతపని, నడుమ పెద్ద రాయి. జూనీ పనిలో రాతిదే పెద్దరికము: సూదిమొనవలె సానబెట్టిన సన్నరాళ్ల వరుసలు, ముత్యపుచిప్ప, పగడము, ఫిరోజా ముక్కలను సందు లేకుండ అతికిన చిత్రములు. హోపీ పనిలో రెండు వెండి రేకు లుండును. పై రేకున బొమ్మను కోసి, క్రింది రేకునకు అతికి, పల్లమును నల్లబరతురు. ఈ పద్ధతికి ఉత్తర ఆరిజోనా మ్యూజియం 1938 నుండి ప్రోత్సాహ మిచ్చెను. 1949లో హోపీ పనివారి సహకార సంఘ మేర్పడెను.

ఐనను తీరు చూచి తెగను నిశ్చయించుట చాలదు. ఒకరి తీరును మరొకరు చేయుట సామాన్యము. కనుక నగను బోర్లించి చూడవలెను. వెనుకభాగమే పనివాని దినచర్య. నవాహో వడ్డాణపు బిళ్లలే ఇందుకు సాక్ష్యము. తొలినాటి బిళ్ల నడుమ తోలుపటకా దూర్చుటకు రంధ్రముండి, దానికి అడ్డుగా ఒక కడ్డీ విడువబడి యుండును. అతుకుపని అప్పటికి బాగుగా పట్టుబడలేదు. తరువాతి బిళ్ల మూసినదై, వెనుక రాగి కొక్కెము అతికింపబడి యుండును. ఇట్లు వెనుక నున్న ఒక కొక్కెమే కాలమును చెప్పును. మిల్లు రేకు ఒక్కతీరు మందముతో నుండును. నాణెములు కరగించి సుత్తితో సాగగొట్టిన రేకు అట్లుండదు.

ఇక రాయి. ఆరిజోనాలోని బిస్బీ గని రాతికి తరచు ముదురు గోధుమ చారలుండును. 2012 వరకు తవ్విన స్లీపింగ్ బ్యూటీ గని రాయి చారలు తక్కువై లేతనీలముగా నుండును. కాని గని పేరు రాతి ఊరును చెప్పునే గాని నగ ఊరును చెప్పదు. నెవాడా రాయి, పారసీక రాయి, చీనా రాయి అన్నియు వర్తకుల ద్వారా ఈ పనివారికి చేరినవే. హౌలైటు అను తెల్లరాతికి నీలిరంగు వేసి ఫిరోజాగా అమ్ముటయు కలదు.

ముద్రల మాట మరింత జాగ్రత్త కోరును. "స్టెర్లింగ్" అను ముద్ర వేయి పాళ్లలో 925 పాళ్లు వెండియని మాత్రమే చెప్పును. పూర్వపు పనివారిలో ఎక్కువమంది ముద్ర వేయలేదు. కొనువారు ఇరుగుపొరుగువారే కదా! 1935లో ప్రభుత్వము చేతిపనుల బోర్డు నేర్పరచి, ఆ దశాబ్ది చివర నియమములకు ఒదిగిన నగలకు తెగ పేరుగల ముద్ర వేయించెను. సొంత ముద్ర 1970 దశాబ్దినుండి ఎక్కువగా వాడుకలోనికి వచ్చెను. అప్పుడును రెండు పొడి అక్షరములు పదిమందికి చెందవచ్చును. హోపీ ముద్రలో పలుమార్లు వంశచిహ్న ముండును. జూనీలో ఆలుమగలు కలిసి చేసిన పనికి ఒక్కరి పేరే ఉండవచ్చును. ప్రసిద్ధ జూనీ శిల్పి లీక్యా దెయూసె చెక్కిన రాళ్లను ఇతరులు వెండిలో పొదిగిరి. అట్టి నగకు పనివాడు ఒకడా, ఇద్దరా?

మోసమునకు శిక్షయు కలదు. ఆదిమవాసులు చేయని వస్తువును వారి పనిగా అమ్ముట 1990 చట్టము ప్రకారము నేరము. ఫిలిప్పైన్సులో చేయించిన నగలను ఆదిమవాసుల నగలుగా అమ్మిన న్యూ మెక్సికో వ్యాపారి యొకనికి 2018లో 6 నెలల కారాగారశిక్ష విధింపబడెను. విదేశములనుండి వచ్చు ఈ తరహా నగలపై తయారైన దేశపు పేరు చెరగకుండ నుండవలెనని సుంక నియమము. కనుక వెనుక అరగదీసిన మచ్చ కనబడినయెడల అడిగి తెలిసికొనుట మంచిది.

పరీక్షించు క్రమమిది: పనితీరు, వెనుకభాగము, రాయి, ముద్ర, అమ్మినవాని చీటీ. అన్నియు ఒకేమాట చెప్పినప్పుడు పేరు చెప్పవచ్చును. మూడు ఒకటి చెప్పి రెండు వేరొకటి చెప్పినప్పుడు "నవాహో పని, సుమారు 1930" అని చెప్పి ఆగుట న్యాయము. ధర పెరుగునని ప్రసిద్ధుని పేరు తగిలించుట, అసలు చేసినవాని పేరును రెండవమారు చెరిపివేయుటయే యగును. చేసినవారు కొందరు తమ పేరు వ్రాసికొనలేదు; ఆ చోటు ఖాళీగా నున్నంతవరకు, ఏనాటికైన నిజమైన పేరు దానిలోనికి రాగలదు.