సెప్టిక్ ట్యాంకు పనికి ఇల్లు సిద్ధం చేయడం
(కార్మిక శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కర్మాగారంలో భద్రతా పరికరాలు ఇవ్వని యాజమాన్యంపై మనం పోరాడుతాము. కాని మన ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండిననాడు ఎవరినో పిలిచి, బేరమాడి, ఆ ఒక్క పూటకు మనమే యజమానులమవుతున్నాము. ఆ పూట గురించే నేడు నా ప్రసంగం.

మొదట చట్టం సంగతి. 2013 డిసెంబరు 6 నుండి అమలులోనున్న చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులో దింపడం నేరం. ఈ నిషేధం పురపాలక సంఘాలకే కాదు, గృహస్థునికీ వర్తిస్తుంది. తొలి నేరానికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మృతుని కుటుంబానికి 10 లక్షలు చెల్లించాలన్నది. 2023 అక్టోబరులో మరొక తీర్పులో దానిని 30 లక్షలకు పెంచింది.

ట్యాంకులో చంపేది మురుగు కాదు, విషవాయువు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. కావున "వాసన తగ్గింది, దిగవచ్చు" అనే మాట ప్రాణాంతకం. మూత గంటల తరబడి తెరచి ఉంచినా, అడుగు బురదను కదిపితే వాయువు మళ్లీ లేస్తుంది.

స్వంత ఇల్లు గలవారు సాధారణంగా చేసే పని ఒకటున్నది. ట్యాంకు పైన పోర్టికో వేసి, మూతతో సహా టైల్సు పరచేస్తారు. పదేళ్లకు మూత ఎక్కడున్నదో ఇంటివారికే తెలియదు. వచ్చిన కార్మికుడు గడ్డపారతో వెదకవలసి వస్తుంది. పాత స్లాబు విరిగితే అతడు నేరుగా లోపలికే పోతాడు. ప్లాను చూసి, లెట్రిన్ గొట్టం పోయిన దిక్కును బట్టి, మూతచోటును ముందురోజే సున్నంతో గుర్తు పెట్టండి. స్కూటరు, పూలకుండీలు తీసివేయండి. పిల్లలను దూరంగా ఉంచండి. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు, మీథేన్ అంటుకుంటుంది.

అపార్ట్‌మెంట్లలో ట్యాంకు లోతు ఎక్కువ, బాధ్యత తక్కువ. అసోసియేషన్ వారు తక్కువ రేటు చూసి ఒప్పుకొని, మిగతా భారం వాచ్‌మన్‌పై వేస్తారు. గొట్టం అందని మూలకు ఆ వాచ్‌మన్‌నే దిగమనేవారూ లేకపోలేదు. అదీ నేరమే. కార్యదర్శి పని ముగిసేదాకా అక్కడ నిలబడాలి.

అన్నిటికన్నా కష్టం ఇరుకు సందుల్లోని అద్దె గదుల వరుసలు. ట్యాంకరు లోపలికి రాదు. అందుకని ఇంటి యజమాని బకెట్లు, తాడు ఇచ్చి ఇద్దరిని పిలిపిస్తాడు. అద్దెకున్నవారు అక్కడే అడ్డుపడాలి. రోడ్డు నుండి ట్యాంకు దాకా దూరం కొలిచి ముందే చెబితే, ట్యాంకరువారు అదనపు గొట్టం తెచ్చుకుంటారు. అదీ అందకపోతే పని వాయిదా వేయాలి.

ఎవరైనా లోపల పడిపోతే వెంటనే 101కు ఫోను చేయండి. కాపాడబోయి వెంట దిగినవారు కూడా అక్కడే కూలిపోతున్నారు.

ఇక చేతులు కడుక్కొనేందుకు నీరు, సబ్బు ముందే బయట పెట్టండి. తాగే నీరు మాత్రం మీరు తాగే గ్లాసుతోనే ఇవ్వండి.