కాపురంలో పెత్తనం: పుట్టుబుద్ధా, పెట్టుబుద్ధా?



'మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు' అని మన సామెత. ఇంటింటా నవ్వుతూ వాడే మాటే. కానీ కాస్త ఆగి వినండి. అందులో కొట్టడం అసలు విశేషమే కాదు. ఎండ కాయడం, వాన కురవడం ఎంత సహజమో అదీ అంతే అన్నట్టు దాటేశారు. ఈ 'సహజం' అనే మాట గురించే ఈనాటి నా ప్రసంగం. భార్యాభర్తల మధ్య కలహాన్నీ బలవంతాన్నీ జీవపరిణామం వైపు నుంచి పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఉన్నారు. వారు ఏం చెబుతున్నారో, అందులో మనకు పనికివచ్చేది ఏమిటో చూద్దాం.

కెనడా దేశంలో మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ అనే దంపతులు 1988లో హత్యల మీద ఒక గ్రంథం రాశారు. భర్త చేతిలో భార్య ప్రాణం పోయిన కేసుల్లో వారికి తరచుగా కనిపించినవి రెండే: ఆమె మీద అనుమానం, లేదా ఆమె విడిచి వెళ్ళిపోతానని అనడం. దీనికి వారి వివరణ ఇది. కన్నబిడ్డ తనదేనా అన్న సందేహం తల్లికి రాదు, తండ్రికి రావచ్చు. లక్షల ఏళ్ళుగా ఆ సందేహం మగవాడిలో ఒక కాపలా బుద్ధిని, 'ఇది నా సొత్తు' అనే బుద్ధిని పెంచిందని వారి వాదన. దీన్ని ఒప్పుకోని పండితులూ చాలామంది ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, వారు బయటపెట్టిన ఒక నిజం మాత్రం ప్రతి పుట్టింటివారూ తెలుసుకోవాలి. భార్య విడిపోయి వచ్చేసిన తొలి నెలల్లోనే ఆమె ప్రాణానికి ముప్పు ఎక్కువ. 'వచ్చేసింది కదా, గండం గడిచింది' అనుకుని ఏమరడానికి వీల్లేదు.

అయితే ఇది పుట్టుకతో వచ్చిన గుణమైతే ఇక చేసేదేముంది అని కొందరు అడుగుతారు. మలేరియా కూడా ప్రకృతిలోంచి వచ్చిందే. అలాగని దోమతెర కట్టుకోకుండా ఉంటామా?

కోతుల సంగతి ఒకటి చెబుతాను. ఇథియోపియాలో హమాడ్రియాస్ అనే బబూన్ జాతి ఉంది. ఆడది కొంచెం దూరం పోతే చాలు, మగది దాని మెడ కొరికి వెనక్కి తెచ్చుకుంటుంది. పక్కనే ఉండే మరో బబూన్ జాతిలో ఈ పద్ధతి లేదు. హాన్స్ కుమ్మర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు ఆడకోతులను ఈ గుంపు నుంచి ఆ గుంపుకు, ఆ గుంపు నుంచి ఈ గుంపుకు మార్చి చూశాడు. స్వేచ్ఛగా తిరిగినవి మగదాని వెంట నడవడం త్వరలోనే నేర్చుకున్నాయి. భయంతో వెంట నడిచినవి ఆ నడక మానేశాయి. కోతి అదే, చుట్టూ ఉన్న గుంపు మారింది, అంతే.

బార్బరా స్మట్స్ అనే అమెరికా పరిశోధకురాలు 1992లో దీన్ని మనుషుల దాకా తెచ్చారు. ఆడవారికి చుట్టూ సొంతవాళ్ళు, స్నేహితురాళ్ళు ఉన్నచోట మగవారి బలవంతం తగ్గుతుందనీ, ఆస్తిపాస్తులు మగవారి చేతిలో పోగుపడినచోట పెరుగుతుందనీ ఆమె ప్రతిపాదన. కాంగో అడవుల్లో బొనోబోలనే వానరాల్లో ఆడవి జట్టుగా ఉంటాయి. అందుకే అక్కడ మగవాటి జులుం సాగదు.

ఇది మన ప్రాంతానికి ఎంతవరకు వర్తిస్తుంది? కర్ణాటకలోని మూడు గ్రామాల్లో కుమ్మరి కుటుంబాలను ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. పుట్టింటివారు కలిగినవారైతే కోడలికి దెబ్బలు తినే అవకాశం ఎక్కువట! ఆశ్చర్యంగా లేదూ? ఆ దెబ్బలు మామగారి దగ్గర ఇంకొంత రాబట్టడానికి. అందులో ఆవేశం కంటే లెక్కే ఎక్కువ. లెక్క వేసి కొట్టే చేతిని 'కోపిష్ఠివాడు, ఏం చేస్తాడు పాపం' అని వెనకేసుకు రావడం నాకు నచ్చదు.

కేరళలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ 2005లో ప్రకటించిన పరిశోధన చూడండి. ఆస్తి లేని భార్యల్లో నూటికి 49 మంది దెబ్బలు తిన్నామన్నారు. సొంత భూమి, ఇల్లు రెండూ ఉన్నవారిలో అలా చెప్పినవారు నూటికి 7 మందే.

ఇక మన సరిహద్దుకు ఇటూ అటూ చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్త చేతిలో ఎప్పుడైనా హింసకు గురైన వివాహిత స్త్రీలు కర్ణాటకలో 2015-16లో నూటికి 20.6 మంది, 2019-20లో 44.4 మంది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 43.4 నుంచి 30కి దిగింది. నోరు విప్పి చెప్పుకునేవారు పెరిగినా అంకె పెరుగుతుంది, అది నిజమే. కానీ నాలుగైదేళ్ళలో రక్తం మారదు కదా! చిత్తూరు నుంచి కోలారుకు బస్సెక్కితే పుట్టుబుద్ధి మారిపోతుందా?

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. చదువు రాని కూలి ఆడవాళ్ళు సాక్షరతా తరగతుల్లో కలుసుకున్నారు. పలకల మీద అక్షరాలతో పాటు ఇంటి గోడు కూడా బయటికి వచ్చింది. సారా తాగి వచ్చి కొట్టే మొగుడు ఒక్కరి ఇంట్లోనే లేడని తెలిసింది. 1992లో రోశమ్మా ఆమె తోటివారూ సారా అంగడి మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్కడ తోడికోడలు నవ్వలేదు, చీర కొంగు బిగించి పక్కన నిలబడింది. బార్బరా స్మట్స్ అడవుల్లో చూసి చెప్పిన మాటను మన ఆడవాళ్ళు ఆమె పేరైనా వినకుండానే చేసి చూపించారు.

బెంగళూరుకు కాపురానికి వచ్చే మన పల్లెల అమ్మాయిలకు ఈ జట్టే కరువు. ఒక గది ఇల్లు, పక్కింటివారి భాష సరిగా రాదు, అమ్మ ఫోనులో తప్ప ఎదురుగా ఉండదు. మా బడికి పిల్లలను దింపడానికి వచ్చే తల్లుల్లో కొందరితో తెలుగులో రెండు మాటలు మాట్లాడితే చాలు, మొహాలు విప్పారుతాయి. అలా మాట్లాడుతూ ఉంటేనే ఎప్పుడో ఒకనాడు అసలు సంగతి బయటికి వస్తుంది.

2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం ప్రకారం ఫిర్యాదు బాధితురాలే చేయాలని లేదు. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. అంటే పక్కింటామె చెప్పవచ్చు, బడి టీచరు చెప్పవచ్చు, తోడికోడలైనా చెప్పవచ్చు. స్త్రీల సహాయానికి ఫోను నంబరు 181. అత్యవసరమైతే 112.